అఫ్గాన్ ఆడపిల్లల కోసం నల్లగొండలో సంతకాలా? మీరేమంటారు?

శ్రీలత_నల్లగొండ:
మార్చి 8కి ఏం చేద్దామని మా డిగ్రీ ఆడపిల్లలను అడిగితే, ఈసారి ముగ్గులు, వ్యాసరచన పోటీలు వద్దు మేడం, అఫ్గానిస్తాన్ అమ్మాయిల గురించి ఏదైనా చేద్దాం అన్నారు. అక్కడ ఆరో తరగతి దాటితే ఆడపిల్లకు బడి లేదు. 2021 ఆగస్టులో తాలిబన్లు కాబూల్‌లోకి వచ్చారు, ఆ మరుసటి నెలకే ఆడపిల్లల హైస్కూళ్లు మూసేశారు, 2022 డిసెంబర్‌లో యూనివర్సిటీలు, 2024 డిసెంబర్‌లో నర్సింగ్, మంత్రసాని కోర్సులు కూడా. మా పిల్లల్లో చాలామంది ఇళ్లలో అక్కో చెల్లో నర్సింగ్ చదువుతుంటారు కాబట్టి ఆ చివరిది వాళ్లకు గట్టిగా తగిలింది. సంతకాలు సేకరించి ఢిల్లీకి పంపాలని ప్లాన్. స్టాఫ్‌రూమ్‌లో చెప్తే ఒక సారు నవ్వి, కాబూల్ సంగతి తర్వాత, ముందు మన జిల్లాలోని కొండమల్లేపల్లి సంగతి చూడండి అన్నాడు. వేరే దేశం, వేరే సంస్కృతి ఆడవాళ్ల హక్కుల కోసం మనం ఇక్కడ కూర్చుని ప్రచారం చేయొచ్చా, చేస్తే వాళ్లకు ఏమైనా ఒరుగుతుందా? సూటిగా చెప్పండి, పొగడ్తలు అక్కర్లేదు.

పాలమూరు_యాదగిరి:
కోపం తెచ్చుకోకండి మేడం, మీ స్టాఫ్‌రూమ్ సారు చెప్పింది కరెక్టే. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. మాది గద్వాల పక్కన. పత్తి విత్తనాల క్రాసింగ్ మొదలైందంటే ఇక్కడ ఏడు, ఎనిమిది తరగతుల్లో ఆడపిల్లల బెంచీలు ఖాళీ. సాయంత్రం మొగ్గలు గిల్లాలి, తెల్లారి మగ పువ్వు తెచ్చి అద్దాలి, చిన్న చేతులైతే మొగ్గ చెడిపోదని ఆడపిల్లలనే పిలుస్తారు. వాళ్లను బడి మాన్పించింది తాలిబన్లు కాదు, మేస్త్రీ ఇంటికి తెచ్చిచ్చిన అడ్వాన్సు. 2011 లెక్కల్లో మా ఉమ్మడి పాలమూరు అక్షరాస్యత 55 శాతం, అప్పటి ఆంధ్రప్రదేశ్ మొత్తంలో అన్ని జిల్లాలకన్నా అడుగున. మనం పోయి కాబూల్‌కు చదువు చెప్తామా?

మునగాల_మాస్టారు:
చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, కాబట్టి కొంచెం వెనక్కి వెళ్తాను, ఓపిక పట్టండి. పరాయి దేశం ఆడవాళ్లను ఉద్ధరిస్తామని బయల్దేరిన ప్రతివాణ్ణీ ముందు అనుమానంగా చూడాలి అంటాను నేను. ఈజిప్టును 1883 నుంచి 1907 దాకా తన గుప్పిట్లో పెట్టుకున్న బ్రిటిష్ అధికారి లార్డ్ క్రోమర్ ఉన్నాడు కదా, అక్కడి ఆడవాళ్ల ముసుగు చూసి వాళ్ల మతం, వాళ్ల సమాజం ఎంత వెనకబడ్డాయో అని పేజీలకు పేజీలు రాశాడు. అదే మనిషి ఇంగ్లండుకు తిరిగొచ్చాక ఏం చేశాడో తెలుసా, అక్కడి ఆడవాళ్లకు ఓటు హక్కు ఇవ్వకూడదని పోరాడే సంఘానికి అధ్యక్షుడయ్యాడు. అంటే ఆయన బాధ ఆడవాళ్ల గురించి కాదు, ఆ దేశాన్ని మనమే ఏలాలి అనడానికి ఒక కారణం కావాలి, అంతే.

ఇక మన విషయానికొస్తే, 1927లో కాథరిన్ మేయో అనే అమెరికా ఆవిడ మన బాల్య వివాహాల గురించి, మన పురుళ్ల గురించి పుస్తకం రాసి ఈ దేశానికి స్వరాజ్యం దండగ అని తేల్చింది. గాంధీ గారు దాన్ని మురుగుకాల్వల ఇన్‌స్పెక్టర్ నివేదిక అన్నారు. అఫ్గానిస్తాన్ సంగతీ అంతే. 2001 నవంబర్‌లో అమెరికా అధ్యక్షుడి భార్య రేడియోలో, ఈ యుద్ధం అఫ్గాన్ ఆడవాళ్ల హక్కుల కోసం కూడా అని చెప్పింది. 2020 ఫిబ్రవరిలో అదే అమెరికా దోహాలో తాలిబన్లతో ఒప్పందం మీద సంతకం పెట్టినప్పుడు, ఆ కాగితంలో ఆడవాళ్ల హక్కుల మీద ఒక్క వాక్యం లేదు.

సూర్యాపేట_హరిత:
మాస్టారూ, మేయో కథ సగంలో ఆపేశారు. ఆ పుస్తకాన్ని తిట్టిపోసిన మన ఆడవాళ్లే, మేం స్వరాజ్యానికి తగినవాళ్లమని చూపిస్తాం అని బాల్య వివాహాలను ఆపే శారదా బిల్లు కోసం పట్టుబట్టారు. 1929లో చట్టం వచ్చింది, ఆడపిల్ల పెళ్లి వయసు 14. అది కూడా బ్రిటిష్ ఇండియాకే, మన నిజాం రాజ్యంలోని నల్లగొండకు వర్తించలేదు. బయటావిడ ఉద్దేశం చెడ్డదే కావచ్చు, కానీ అందులోంచి ఇక్కడి ఆడవాళ్లు పని సాధించుకున్నారా లేదా?

మునగాల_మాస్టారు:
సాధించుకున్నారు, మేయో వల్ల కాదు, మేయో ఉన్నా కూడా. ఆ రెండింటికీ తేడా ఉందమ్మా.

షబానా_మిర్యాలగూడ:
ఈ చర్చ ఇంకో గంటలో ఎటు పోతుందో నాకు తెలుసు కాబట్టి ముందే చెప్తున్నా. నేను మిర్యాలగూడలో లాయర్‌ని, ముస్లింని. అఫ్గానిస్తాన్‌లో ఏది జరిగినా ఇరాన్‌లో ఏది జరిగినా మా బార్ రూమ్‌లో అందరూ నా వైపే చూస్తారు, నేనేదో అక్కడ మంత్రినైనట్టు. 2022 సెప్టెంబర్‌లో తలపై గుడ్డ సరిగ్గా లేదని పట్టుకెళ్లిన మహ్సా అమీని పోలీసుల అదుపులో చనిపోయింది, 22 ఏళ్లు, అప్పుడు ఇరాన్ అమ్మాయిలు జుట్టు కత్తిరించుకునే వీడియోలు నాకు వందసార్లు వచ్చి ఉంటాయి. పంపినవాళ్లలో సగం మంది అదే ఏడాది ఫిబ్రవరిలో హిజాబ్ వేసుకున్నారని ఉడుపి కాలేజీ గేటు బయట నిలబెట్టిన అమ్మాయిల మీద జోకులు పంపినవాళ్లే. వాళ్లకు టెహ్రాన్ పిల్ల మీద ప్రేమ లేదు, నా మీద కోపం ఉంది.

అలాగని మాట్లాడొద్దు అంటానా? అనను. 2018లో మా ఊళ్లో పట్టపగలు హాస్పిటల్ గేటు దగ్గర గర్భిణి కళ్ల ముందే ఆమె భర్తను కులం కోసం చంపితే దేశం బయటి పత్రికలు కూడా రాశాయి. బయటివాళ్లకేం పని అని అప్పుడు మాలో ఎవరమైనా అన్నామా? నిందితుల తరఫువాళ్లే అనుకుని ఉంటారు ఆ మాట. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకడికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. అది బయటి పత్రికల వల్ల కాదు, ఆ అమ్మాయి నిలబడడం వల్ల, పోలీసులూ ప్రాసిక్యూషనూ పని చేయడం వల్ల. కానీ నలుగురి కళ్లు ఆ కేసు మీద ఉన్నాయన్నది చిన్న విషయం కాదు, కోర్టుల్లో తిరిగే మనిషిగా చెప్తున్నా.

భువనగిరి_క్రికెట్:
క్రికెట్ సంగతి ఎవరూ తీయలేదేంటి! అఫ్గాన్ ఆటగాడు రషీద్ ఖాన్‌ను ఉప్పల్‌లో మనవాడు అనుకుని అరిచినవాళ్లం. ఇప్పుడు అఫ్గాన్ టీమ్‌తో ఆడొద్దు, బాయ్‌కాట్ చేయాలి అంటున్నారు కొన్ని దేశాలవాళ్లు. ఆస్ట్రేలియా వాళ్లతో సిరీస్‌లు రద్దు చేసుకుంది, వరల్డ్ కప్‌లో మాత్రం ఆడుతుంది, అదేం లెక్కో. 2024లో నర్సింగ్ కోర్సులు మూసినప్పుడు రషీదే బయటికొచ్చి ఇది తప్పు అని రాశాడు. ఆడకుండా చేస్తే నష్టపోయేది అతను, తాలిబన్లకేం పోయింది?

సూర్యాపేట_హరిత:
అఫ్గాన్ క్రికెట్ అమ్మాయిలు ఏమడిగారో చూశావా తమ్ముడూ? 2020లో అఫ్గాన్ బోర్డు 25 మంది ఆడవాళ్లకు కాంట్రాక్టులు ఇచ్చింది, ఏడాది తిరక్కుండానే చాలామంది ఆస్ట్రేలియాకు పారిపోవాల్సి వచ్చింది. 2024లో వాళ్లే ఐసీసీకి ఉత్తరం రాశారు. మగాళ్ల టీమ్‌ను ఆపండి అని అడగలేదు, వాళ్లను చూసి గర్వపడుతున్నాం అనే రాశారు. మమ్మల్ని శరణార్థి టీమ్‌గా గుర్తించండి, ఆడనివ్వండి అన్నారు. 2025 జనవరిలో మెల్‌బోర్న్‌లో ఒక మ్యాచ్ కూడా ఆడారు. బాయ్‌కాట్ అని అరిచేవాళ్లకు ఖర్చు లేదు, శరణార్థి టీమ్ పెట్టాలంటే డబ్బు పెట్టాలి. అందుకే మొదటిదే అందరికీ వినపడుతుంది.

పాలమూరు_యాదగిరి:
క్రికెట్ వదిలేయండి. నా ప్రశ్నకు జవాబు రాలేదు. నారాయణపేట, మక్తల్ వైపు జోగినులున్నారు, దేవరకొండ తండాల్లో ఏం జరిగిందో అందరికీ తెలుసు. అవన్నీ ఉండగా...

నారాయణపేట_లక్ష్మి:
యాదగిరన్నా, మా పేరు తీశారు కాబట్టి అడుగుతున్నా, మీరు మా దగ్గరికి ఎప్పుడైనా వచ్చారా? మా అమ్మ జోగిని. చిన్నప్పుడు ఇంట్లో రోగమొస్తే ఎల్లమ్మకు మొక్కి ఆమెకు పట్టం కట్టారు, అంటే దేవతకు ఇచ్చేసి జోగినిని చేశారు. మొక్కు ఇంటివాళ్లది, ఆ తర్వాత ఆమె ఊళ్లో పెద్దోళ్లందరిదీ. శవాల ముందు ఆడింది, జాతరలో ఆడింది. నన్ను బడిలో వేసేటప్పుడు కాగితం మీద తండ్రి పేరు దగ్గర సారు పెన్ను ఆపి మా అమ్మ ముఖం చూశాడట, ఆమె ఎల్లమ్మ అని రాయి సారూ అన్నదట. ఇలా జోగినులను చేయొద్దని 1988లో చట్టం వచ్చింది, నేను పుట్టింది దాని తర్వాతే, చూసుకోండి మరి చట్టం ఎంత దూరం నడిచిందో.

ఇప్పుడు నేను ఒక సంస్థలో పని చేస్తున్నా, ఎవరైనా పిల్లకు పట్టం కట్టబోతున్నారని తెలిస్తే రాత్రికి రాత్రి పోయి ఆపుతాం. ఆ రాత్రుల్లో, ముందు మన ఇల్లు చూసుకుందాం అనే పెద్దమనుషులు ఒక్కరూ కనపడలేదు నాకు. వచ్చినవాళ్లు ఎవరంటే ఇరాన్ గురించి, అఫ్గానిస్తాన్ గురించి, ఎక్కడెక్కడి దాని గురించో ప్లకార్డులు పట్టుకునే ఆ కాలేజీ పిల్లలే. వేరేవాళ్ల గురించి మాట్లాడొద్దని చెప్పడానికి మాత్రం మేం గుర్తొస్తాం. మా పేరు అడ్డం పెట్టుకోకండి, మీకు దండం పెడతా.

పాలమూరు_యాదగిరి:
అక్కా, నేను క్రాసింగ్ పిల్లల గురించి పదిసార్లు కలెక్టరేట్‌కు పోయినోణ్ణి. నన్ను ఆ లెక్కలో కలపకండి. కానీ మీరన్నట్టు అనేవాళ్లు ఉన్నారు, ఒప్పుకుంటా.

దేవరకొండ_తండా:
నా పేరు వద్దు, మాది దేవరకొండ వైపు ఒక తండా. మా తండాల పేరు కూడా వచ్చింది కాబట్టి నా రెండు ముక్కలు. 1999లో, మళ్లీ 2001లో మా ఆడ శిశువులను కొన్ని సంస్థలు కొద్ది డబ్బుకు కొని హైదరాబాద్ నుంచి విదేశాలకు దత్తత ఇచ్చిన కేసులు బయటపడ్డాయి, పేపర్లలో చదివే ఉంటారు. ఆ దత్తత తీసుకున్న తెల్లవాళ్లు చెడ్డవాళ్లేం కాదు, చంపేయబోతున్న ఆడపిల్లను కాపాడుతున్నాం అనే అనుకున్నారు. వాళ్ల ఆ మంచితనమే ఇక్కడ బేరం అయింది. అక్కడ జంట ఎంత ఎక్కువ ఇస్తానంటే ఇక్కడ మధ్యవర్తి అంత దూరం తండాలకు వచ్చాడు. మూడో ఆడపిల్ల పుట్టిన ఇంటికి అప్పటిదాకా ఎవరూ రాలేదు, రేషన్ డీలర్ కూడా. తర్వాత కెమెరాలు వచ్చాయి, మా అమ్మలను పిల్లలను అమ్ముకునే జాతి అని రాసి పోయాయి. అందుకే ఎక్కడో దూరం నుంచి జాలి అంటే నాకు భయం. జాలి వెనక డబ్బుంటే ఇంకా భయం.

సూర్యాపేట_హరిత:
ఈ మాట మీదే నాకు నైజీరియా గుర్తొస్తుంది. నా చదువులో భాగంగా ఆ కేసు కొంత చదివాను, పొడుగ్గా రాస్తా, తిట్టకండి.

2002లో అక్కడి కాట్సినా రాష్ట్రంలో అమీనా లావల్ అనే ఆవిడకు, పెళ్లి లేకుండా బిడ్డను కన్నదని షరియా కోర్టు రాళ్లతో కొట్టి చంపే శిక్ష వేసింది. ప్రపంచమంతా ఈమెయిల్ సంతకాలు మొదలయ్యాయి, లక్షల్లో. వాటిల్లో చాలావాటిలో తప్పులు. సుప్రీంకోర్టు శిక్ష ఖాయం చేసేసిందని, ఫలానా తేదీన చంపేస్తారని. నిజానికి కేసు అప్పీలులోనే ఉంది. అప్పుడు 2003లో బావోబాబ్ అనే అక్కడి మహిళల హక్కుల సంస్థ, అంటే ఇలాంటి ఆడవాళ్లకు లాయర్లను పెట్టి కేసులు నడిపిస్తున్నవాళ్లే, ప్రపంచానికి బహిరంగ లేఖ రాశారు, దయచేసి ఈ ఉత్తరాలు ఆపండి అని. ఎందుకంటే అంతకుముందు జాంఫారా రాష్ట్రంలో బరియా మగాజు అనే చిన్నపిల్ల కేసులో ఇలాగే ఉత్తరాలు వెల్లువెత్తితే, అక్కడి గవర్నర్ కాఫిర్లు రాసిన ఉత్తరాలకు లొంగేది లేదని గొప్పలు చెప్పుకున్నాడు, అప్పీలు నడుస్తుండగానే 2001 జనవరిలో ఆ పిల్లకు కొరడా దెబ్బలు కొట్టించారు. మేం ఇక్కడి చట్టంలోనే, ఇక్కడి భాషలోనే గెలుస్తున్నాం, మా మీద బయటివాళ్ల ఏజెంట్లు అనే ముద్ర వేయకండి అన్నది వాళ్ల గోడు. 2003 సెప్టెంబర్‌లో అమీనా గెలిచింది, షరియా అప్పీలు కోర్టులోనే. వాదించిన వాళ్లలో హౌవా ఇబ్రహీం అనే నైజీరియా లాయరమ్మ ఉంది.

అయితే వాళ్లు మాకు ఏ సాయమూ వద్దు అనలేదు, అది గమనించండి. ఏ కేసులో ఉత్తరాలు పనికొస్తాయో, ఎప్పుడు రాయాలో మమ్మల్ని అడిగి రాయండి, మా పనికి, లాయర్లకు డబ్బు పంపండి అన్నారు. శ్రీలతక్కా, నీ ప్రశ్నకు నా జవాబు ఇదే. ప్రచారం చేయొచ్చా అని కాదు, ఎవరు చెప్తే చేస్తున్నాం అన్నది చూసుకోవాలి.

మునగాల_మాస్టారు:
బాగా చెప్పావమ్మా. కెన్యాలో ఇంకో సంగతి. ఆడపిల్లలకు సున్తీ చేసే ఆచారాన్ని 1956లో మేరు ప్రాంతంలో నిషేధించారు, బ్రిటిష్ వాళ్ల అండతో, అక్కడి పెద్దమనుషుల సభ చేత. ఏమైందనుకున్నారు, ఆడపిల్లలు వాళ్లకు వాళ్లే కోసుకున్నారు. పరాయి పాలన మీద కోపం ఆ పిల్లల ఒంటి మీద తేలింది.

సూర్యాపేట_హరిత:
దానికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది మాస్టారూ. సెనెగల్‌లో ఒక అమెరికా ఆవిడ పెట్టిన టోస్టాన్ అనే సంస్థ ఊళ్లలో ఆడవాళ్లకు చదువు, ఆరోగ్యం, హక్కుల మీద క్లాసులు నడిపింది, మీ ఆచారం మానండి అని మొదలుపెట్టలేదు. 1997లో మలికుండ బంబారా అనే ఊరి ఆడవాళ్లు మేం మానేస్తున్నాం అని వాళ్లే ప్రకటించారు. తర్వాత పక్క ఊరి ఇమాం ఒకాయన అసలు కిటుకు చెప్పాడు. ఒక్క ఊరు మానేస్తే లాభం లేదు, పిల్లలను ఇచ్చి పుచ్చుకునే ఊళ్లన్నీ కలిసి మానాలి, లేకపోతే మా పిల్లలకు పెళ్లిళ్లు కావు అని ఆయనే చుట్టాల ఊళ్లన్నీ తిరిగాడు. మన కట్నం సంగతి అచ్చం అదే కదా, ఒక్క ఇంటివాళ్లు ఇవ్వం అంటే ఆ పిల్ల ఇంట్లోనే ఉంటుంది. మన దగ్గర కట్నం మీద పని చేసేవాళ్లు ఇది ఎందుకు పట్టించుకోలేదో నాకు అర్థం కాదు. నేర్చుకోవడం ఒకవైపే ఉండాలా, అమెరికా నుంచి ఇక్కడికి మాత్రమే?

డల్లాస్_కిరణ్:
మాది హుజూర్‌నగర్, ఇప్పుడు టెక్సాస్. మీరు అమెరికాను పాఠం చెప్పే దేశంగా చూస్తున్నారు కాబట్టి రాస్తున్నా. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు అబార్షన్ హక్కు తీసేశాక మా రాష్ట్రంలో దాదాపు పూర్తి నిషేధం. నా భార్య రెండోసారి గర్భవతి అయినప్పుడు, ఏదైనా తేడా వస్తే ఇండియా పోదామా అని మేం ఇద్దరం సీరియస్‌గా మాట్లాడుకున్నాం. మన దగ్గర 1971 నుంచే చట్టం ఉంది, 2021లో కొన్ని కేసుల్లో 24 వారాల దాకా పెంచారు. మరి ఇండియా ఆడవాళ్లు మా కోసం సంతకాలు చేయాలా?

నవ్వులాటకు అనడం లేదు. సవిత హలప్పనవర్ గుర్తుందా, కర్ణాటక అమ్మాయి, డెంటిస్టు. 2012 అక్టోబర్‌లో ఐర్లండ్‌లో గర్భం నిలవదని తేలినా, పిండం గుండె కొట్టుకుంటోందని అబార్షన్ చేయలేదు, ఆమె ఇన్ఫెక్షన్‌తో పోయింది. మన ప్రభుత్వం ఐర్లండ్ రాయబారిని పిలిచి అడిగింది. 2018 మేలో అక్కడ రిఫరెండం పెడితే 66 శాతం మంది ఆ అబార్షన్ నిషేధాన్ని మార్చాలనే ఓటేశారు, బెల్గాంలో ఉన్న ఆమె తల్లిదండ్రులు అవునని ఓటేయండి అని ఐర్లండ్ జనాన్ని కోరారు. అది వాళ్ల సంస్కృతి, వాళ్ల మతం, మనకెందుకు అని మనలో ఒక్కరూ అనలేదు. తెల్లవాళ్ల దేశమైతే మన పిల్ల, మనం అడగొచ్చు, పక్కన అఫ్గానిస్తాన్ అయితే వాళ్ల సంస్కృతి. ఈ లెక్క నాకు ఎక్కడం లేదు.

నిర్వాహకులు:
ఒక పోస్టు తీసేశాం, ఒక మతాన్ని మొత్తంగా తిడుతూ ఉంది. రాసినవారికి ఎందుకో తెలుసు. కొనసాగించండి.

పాలమూరు_యాదగిరి:
సరే, చేయొచ్చు అనుకుందాం. తాలిబన్లు నల్లగొండ సంతకాలు చూసి బడి తెరుస్తారా? అది చెప్పండి.

షబానా_మిర్యాలగూడ:
తెరవరు. వాళ్లకు రాయాల్సిన పనే లేదు, మన ప్రభుత్వానికి రాయాలి, మన ఓటు చెల్లేది అక్కడే. 2025 అక్టోబర్‌లో తాలిబన్ విదేశాంగ మంత్రి ముత్తాఖీ ఢిల్లీ వచ్చాడు, ఆయన మొదటి ప్రెస్‌మీట్‌లో ఒక్క మహిళా జర్నలిస్టు లేదు. ఇక్కడి జర్నలిస్టులు, పార్టీలు గొడవ చేస్తే రెండు రోజుల్లో ఇంకో ప్రెస్‌మీట్ పెట్టాడు, ఆడవాళ్లు ముందు వరసలో కూర్చుని మీ దేశంలో ఆడపిల్లల బడులు ఎప్పుడు తెరుస్తారు అని ఆయన ముఖం మీదే అడిగారు. కాబూల్‌లో ఏదీ మారలేదు, నిజమే. కానీ ఢిల్లీలో మా ఇంటికొస్తే మా పద్ధతి అని చెప్పగలిగారు.

ఇంకోటి, ఇది మీ పిల్లలకు పనికొస్తుంది శ్రీలతా. 2021 ఆగస్టులో మన ప్రభుత్వం అఫ్గాన్లకు అప్పటిదాకా ఇచ్చిన వీసాలన్నీ రద్దు చేసింది. ఇండియా యూనివర్సిటీల్లో సీట్లున్న పిల్లలు, సెలవులకు ఇంటికి పోయినవాళ్లు, అక్కడే ఇరుక్కుపోయారు. ఉస్మానియాలో ఎప్పటినుంచో అఫ్గాన్ పిల్లలు చదువుతున్నారు, మీకు తెలుసు. ఆడపిల్లలకు స్టూడెంట్ వీసాలు, స్కాలర్‌షిప్‌లు ఇవ్వండి, మన యూనివర్సిటీల్లో సీట్లు పెట్టండి అని అడిగితే అది మన చేతిలో ఉన్న పని. తాలిబన్లు నశించాలి అని రాస్తే ఫొటో దిగడానికి తప్ప దేనికీ పనికిరాదు.

దేవరకొండ_తండా:
ఇది నచ్చింది. జాలి లేదు ఇందులో, సీటు ఉంది.

మునగాల_మాస్టారు:
షబానా గారూ, చట్టం తెలిసినవారు కాబట్టి మీకు తెలియనిది కాదు, మిగతావాళ్ల కోసం. మీ కాలేజీల్లో లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ బోర్డు పెట్టి ఉంటుంది చూడండి, దాని మూలం కూడా కొంత బయటిదే. రాజస్థాన్‌లో బాల్య వివాహం ఆపబోయినందుకు భన్వరీ దేవి మీద 1992లో అత్యాచారం జరిగింది, దాని మీద మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు పోతే 1997లో విశాఖ తీర్పు వచ్చింది. అప్పటికి మన దగ్గర చట్టం లేదు, అందుకని మన దేశం 1993లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి మహిళా ఒప్పందాన్ని ఆధారం చేసుకున్నారు. చట్టం 2013లో వచ్చింది. అనుమానంగా చూడాలి అని మొదట అన్నాను, ఆ మాట మీదే ఉన్నా, కానీ అనుమానించడం అంటే తలుపు మూసేయడం కాదు. ఆ ఒప్పందాన్ని అమెరికా ఇప్పటికీ ఆమోదించలేదు, కిరణ్‌కు చెప్పండి.

కువైట్‌లో_సైదులు:
అన్నలు, అక్కలు, మస్తు చదివి రాస్తున్నారు. నేను ఇక్కడ డ్రైవర్‌ని, మాది నకిరేకల్ దగ్గర. ఇండ్లల్లో పని చేసే మనోళ్లు ఇక్కడ చాలామంది, కడప, రాయచోటి వైపు వాళ్లు ఎక్కువ, హైదరాబాద్ వాళ్లూ ఉన్నారు. మన ప్రభుత్వం ఏం రూలు పెట్టిందో తెలుసా, 30 ఏళ్లు నిండని ఆడమనిషి ఇంటిపనికి గల్ఫ్ రావొద్దు, వచ్చినా ప్రభుత్వ ఏజెన్సీ ద్వారానే రావాలి. రక్షించడానికే పెట్టారు, కాదనను. మరి ఇంట్లో అప్పున్న 25 ఏళ్ల మనిషి ఆగుతుందా, ఏజెంటు విజిట్ వీసా మీద తెస్తాడు, ఇంకో దేశం మీదుగా తెస్తాడు. అప్పుడు ఆమె ఏ లెక్కలోనూ లేదు, ఎంబసీ దగ్గర కూడా కాగితం లేదు. ఆడవాళ్లను కాపాడేటోళ్లు ఒక్కసారి ఆ ఆడవాళ్లను అడిగితే ఈ తిప్పలు ఉండేవి కావు.

మేం ఉండే బిల్డింగ్‌లోనే ఒకామె ఉంది, జీతం ఇవ్వక నెలలైతుంది, పాస్‌పోర్టు సేటు దగ్గర. వాట్సాప్ గ్రూపులో పెడితే ఆమె ఫొటో, ఊరు అన్నీ తిప్పేశారు, కాపాడండి, ఇండియాకు తెప్పించండి అని వీడియోలు. ఆమె నా మీద పడి ఏడ్చింది. ఆమెకు ఇంటికి పోవాలని లేదు! పోతే అప్పు ఎవరు తీరుస్తరు? ఆమెకు కావాల్సింది రావాల్సిన జీతం, ఇంకో ఇల్లు. వీడియో సేటు కంట పడితే దొంగతనం కేసు పెడతాడేమోనని ఇప్పుడు టెన్షన్.

నారాయణపేట_లక్ష్మి:
ముందు ఆ వీడియోలు తీయించండి అన్నా. పట్టం కట్టే పిల్ల ఫొటో ఎవరైనా పెడితే మేమూ ముందు చేసే పని అదే.

శ్రీలత_నల్లగొండ:
అందరికీ థాంక్స్. సంతకాలు ఉంటాయి, షబానా చెప్పినట్టు వీసాలు, సీట్లు అడుగుతూ విదేశాంగ శాఖకే. రాసేముందు ఉస్మానియాలో చదువుతున్న అఫ్గాన్ అమ్మాయిలు ఎవరైనా మాట్లాడతారేమో హరిత కనుక్కుంటానంది, వాళ్లు వద్దంటే ఆ వాక్యం తీసేస్తాం. యాదగిరి గారూ, క్రాసింగ్ పిల్లల మీద కూడా మా అమ్మాయిలు పని చేస్తామన్నారు, కానీ అది చేస్తేనే ఇది చేయాలి అనే షరతు మాత్రం నేను ఒప్పుకోను.

పాలమూరు_యాదగిరి:
షరతు కాదు మేడం. క్రాసింగ్ వానాకాలంలో, మీ పిల్లలకు అప్పుడు పరీక్షలు ఉంటాయో ఏమో చూసుకుని చెప్పండి. వస్తే బస్‌స్టాండ్ నుంచి బండి నేను పెడతా. సంతకం సంగతి ఇంకా ఆలోచించాలి, ఢిల్లీవాళ్లు చదువుతారన్న నమ్మకం నాకు లేదు.

షబానా_మిర్యాలగూడ:
సైదులన్నా, ఆమె విషయం ఇక ఇక్కడ రాయకండి, నాకు పర్సనల్ మెసేజ్ పెట్టండి. ఇది చూసే మిగతావాళ్ల కోసం మాత్రం: కువైట్‌లో ఇంటిపనివాళ్లకు 2015లో చట్టం వచ్చింది, రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక సెలవు, పనిమనిషి ఒప్పుకోకుండా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదు. గృహ కార్మికుల విభాగంలో ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఇండియా ఎంబసీకి షెల్టర్ ఉంది, కానీ ఇంట్లోంచి బయటికి వచ్చేముందు ఎంబసీతో మాట్లాడాలి, లేకపోతే పారిపోయిందని సేటు కేసు పెట్టే వీలుంటుంది. మన విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైటు మదద్ పోర్టల్‌లో ఇక్కడి కుటుంబం కూడా ఫిర్యాదు నమోదు చేయొచ్చు. అందులో ఏం కావాలి అనే చోట ఇండియాకు పంపాలి అని రాసేయకండి. ఆమెను అడిగి, ఆమె చెప్పింది రాయండి. కాంట్రాక్టు కాగితం ఫొటో ఉందా అన్నా ఆమె దగ్గర?

కువైట్‌లో_సైదులు:
కాగితం లేదు అక్కా, ఏజెంటు ఇవ్వలేదట. జీతం పంపినప్పటి రసీదులు రెండు ఉన్నాయి. శుక్రవారం సెలవు, అప్పుడు అడిగి పంపుతా.